స్పోర్ట్స్ కారు సస్పెన్షన్: బయటి భాగాల ఎంపిక, అమరిక

కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఉన్న స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, యాంటీ రోల్ బార్లు, బుష్‌లు తీసేసి, వాటి చోట వేరే సంస్థలు తయారుచేసిన భాగాలు బిగించుకోవడాన్ని ఆఫ్టర్‌మార్కెట్ సస్పెన్షన్ అంటారు. బిగించడంతో పని అయిపోదు. కారు ఎత్తు, నాలుగు చక్రాల మీద పడే బరువు, చక్రాల కోణాలు, షాక్ అబ్జార్బర్ల బిగువు అన్నీ ఆ కారుకూ, నడిపే మనిషికీ, తిరిగే రోడ్డుకూ కుదిరేలా సర్దాలి. డబ్బు చాలావరకు భాగాలకే పోతుంది. కారు బాగుపడిందా పాడైందా అన్నది మాత్రం ఆ తర్వాతి సర్దుబాటులో తేలుతుంది.

ఏ తయారీదారైనా సస్పెన్షన్ విషయంలో రాజీ పడక తప్పదు. ఒకే కారును మంచు దేశంలోనూ ఎడారి దేశంలోనూ అమ్మాలి. కొన్నవాళ్లలో ఆఫీసుకు వెళ్లివచ్చేవాళ్లుంటారు, ఘాట్ రోడ్డు మీద సరదా తీర్చుకునేవాళ్లుంటారు, నెలకోసారి రేస్ ట్రాక్‌కు పోయేవాళ్లుంటారు. అందరికీ కొంత నచ్చి, ఎవరికీ పూర్తిగా నచ్చని మెత్తదనం దగ్గర ఇంజినీరు ఆగుతాడు. ఆఫ్టర్‌మార్కెట్ భాగాలు కొత్త ప్రతిభనేమీ తెచ్చిపెట్టవు. ఆ రాజీని ఒకవైపుకు జరుపుతాయి. ఎటు జరిపినా రెండోవైపు ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

ఉదాహరణగా ఒక కారు

ఈ విషయాన్ని మాజ్దా ఎంఎక్స్-5 మొదటి రెండు తరాల సాయంతో చెప్పుకోవడం సులువు. మనవాళ్లకు మాజ్దా అంటే స్వరాజ్ మాజ్దా మినీ బస్సులు, చిన్న లారీలు గుర్తుకొస్తాయి. ఆ హిరోషిమా సంస్థే 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో ఇద్దరు కూర్చునే, పైకప్పు తెరుచుకునే చిన్న కారును చూపించింది. అమెరికాలో దాన్ని మియాటా అన్నారు, జపాన్‌లో మొదట యూనోస్ రోడ్‌స్టర్ పేరుతో అమ్మారు. తోషిహికో హిరాయ్ ఆ ప్రాజెక్టుకు నాయకుడు. 1960ల నాటి లోటస్ ఎలాన్ వంటి తేలికైన బ్రిటిష్ కార్లు దానికి స్ఫూర్తి. గుర్రమూ రౌతూ ఒక్కటైనట్టు ఉండాలన్న ‘జిన్బా ఇత్తాయ్’ అనే జపనీస్ మాట ఆ కారు రూపకల్పనకు సూత్రమైంది. ముందు 1.6 లీటర్ల ఇంజిను, శక్తి వెనక చక్రాలకు, బరువు టన్నుకు కాస్త తక్కువ, వీల్‌బేస్ 2265 మి.మీ. బరువు ముందూ వెనకా దాదాపు సమానంగా పడుతుంది. 2016లో ఈ కారు ఉత్పత్తి పది లక్షలు దాటింది.

ఇది ఉదాహరణకు పనికిరావడానికి కారణం అమ్మకాలు కాదు. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ అమరిక ఉంది. అంటే ప్రతి చక్రాన్నీ పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ పట్టుకుని ఉంటాయి. కింది ఆర్మ్ బోల్టులు గుండ్రంగా కాకుండా పక్కకు జరిగిన ఇరుసుతో ఉంటాయి కాబట్టి, ఏ విడిభాగమూ కొనకుండానే ముందు చక్రాల క్యాంబర్ (చక్రం లోపలికీ బయటికీ వాలడం), క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలడం), వెనక చక్రాల క్యాంబర్, టో (చక్రం ముందు భాగం పక్కకు తిరగడం) మార్చుకోవచ్చు. ముందు చక్రాల టో స్టీరింగ్ టై రాడ్ల దగ్గర సర్దుతారు. చాలా కార్లలో ఇందులో సగం సౌకర్యం కూడా ఉండదు. సస్పెన్షన్ నేర్చుకోవాలనుకునేవాడికి ఈ కారు పలకలాంటిది. రాయొచ్చు, చెరపొచ్చు, మళ్లీ రాయొచ్చు.

కమాను కట్టల నుంచి కాయిలోవర్ల దాకా

జట్కా బండి కింద ఉండే కమాను పట్టీలే తొలి కార్లకూ దిక్కయ్యాయి. పట్టీ పట్టీతో రాసుకుంటేనే ఊగడం తగ్గేది. ఆ రాపిడి ఒక్కటే అప్పటి డ్యాంపింగ్. 1930ల్లో రోల్స్-రాయిస్ నుంచి జనరల్ మోటార్స్‌కు వెళ్లిన మారిస్ ఓలీ ఒక కారు మీద జరపగలిగే బరువులు కట్టి, ఊగడాన్ని కొలిచి చూశాడు. ముందు స్ప్రింగులు వెనకవాటికన్నా కొంచెం నెమ్మదిగా ఊగేలా ఉంటే గతుకు దాటాక కారు ముందుకూ వెనక్కూ తూగకుండా త్వరగా కుదుటపడుతుందని తేల్చాడు. ముందు చక్రం గతుకును ముందుగా తాకుతుంది, వెనకది ఆలస్యంగా తాకుతుంది. వెనక స్ప్రింగు కాస్త వేగంగా ఊగితే ఆ ఆలస్యాన్ని అందుకుంటుంది. నేటికీ రోడ్డు కార్లకు ఈ లెక్క పనికొస్తోంది.

డ్యాంపర్ల, అంటే షాక్ అబ్జార్బర్ల, కథలో పెద్ద మలుపు ఫ్రెంచి ఇంజినీరు క్రిస్టియన్ బూర్సియె ద కార్బోన్ ఆలోచన. ఒకే గొట్టంలో నూనె, దాని చివర కదిలే పిస్టన్‌కు అవతల అధిక పీడనంతో నైట్రోజన్ వాయువు పెడితే నూనె నురగ కట్టదు, వేడెక్కినా పట్టు తప్పదు. జర్మనీలోని బిల్‌స్టీన్ ఈ మోనోట్యూబ్ పద్ధతిని 1957లో మెర్సిడెస్ కార్లకు అందించింది. నెదర్లాండ్స్‌లో కోనీ బిగువు మార్చుకోగల డ్యాంపర్లతో పేరు తెచ్చుకుంది. స్వీడన్‌లో కెంత్ ఓలిన్ 1976లో మొదలుపెట్టిన ఓలిన్స్ మొదట మోటోక్రాస్ బైకులకు పనిచేసి, తర్వాత కార్లకు వచ్చింది. స్ప్రింగుల్లో జర్మనీకి చెందిన ఐబాక్, పూర్తి కిట్లలో జర్మనీ కేడబ్ల్యూ, జపాన్ టీన్ వంటి పేర్లు ఈ రంగంలో నిత్యం వినిపిస్తాయి.

కాయిలోవర్ అనే మాట చాలామందిని తికమక పెడుతుంది. డ్యాంపర్ చుట్టూ స్ప్రింగు చుట్టి ఉండడం అని దాని అర్థం. ఆ లెక్కన ఎంఎక్స్-5కు ఫ్యాక్టరీలో ఉన్నదీ కాయిలోవరే. వాడుకలో మాత్రం డ్యాంపర్ గొట్టం మీద మర ఉండి, స్ప్రింగు కూర్చునే పళ్లాన్ని పైకీ కిందికీ తిప్పి ఎత్తు సర్దుకోగల కిట్‌నే ఆ పేరుతో పిలుస్తారు.

స్ప్రింగు ఏం చేస్తుంది, ఏం చేయదు

గట్టి స్ప్రింగు వేస్తే మలుపులో బరువు బయటి చక్రాల మీదికి పోవడం తగ్గుతుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. వెయ్యి కిలోల కారు ఉందనుకుందాం. దాని గురుత్వ కేంద్రం నేలకు 45 సెం.మీ. ఎత్తున ఉంది, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 140 సెం.మీ. మలుపులో పక్కకు లాగే త్వరణం 1 జీ అయితే లోపలి చక్రాల మీది నుంచి బయటి చక్రాల మీదికి మారే బరువు 1000ని 45తో గుణించి 140తో భాగిస్తే వస్తుంది. అది సుమారు 321 కిలోలు. ఈ లెక్కలో స్ప్రింగు ఎక్కడా లేదు. స్ప్రింగు దూదిలా ఉన్నా ఇనుప కడ్డీలా ఉన్నా మారే బరువు దాదాపు అంతే. కారును 25 మి.మీ. దించితే గురుత్వ కేంద్రం కూడా అంతే దిగి, మారే బరువు 304 కిలోల దగ్గరికి వస్తుంది. అంత శ్రమపడి సాధించేది పదిహేడు, పద్దెనిమిది కిలోలు. లాభం లేకపోలేదు గానీ, కారును నేలకు ఆనించి తిప్పేవాళ్లు ఊహించుకునేంత లాభం లేదు.

మరి గట్టి స్ప్రింగు ఎందుకు? కారు ఒరగడం తగ్గితే చక్రాలు నేలకు నిటారుగా ఉంటాయి, టైరు అంచు మీద కాకుండా మొత్తం అరికాలితో నిలబడుతుంది. స్టీరింగ్ తిప్పగానే కారు బద్ధకంగా ఒరిగి ఆ తర్వాత తిరగడం కాకుండా వెంటనే తిరుగుతుంది. ఇంకొకటి అన్నిటికన్నా ముఖ్యం. మారే మొత్తం బరువును స్ప్రింగులు, బార్లు తగ్గించలేకపోయినా, అందులో ముందు ఇరుసు వాటా ఎంత, వెనక ఇరుసు వాటా ఎంత అన్నది నిర్ణయించేవి అవే. టైరు మీద బరువు రెట్టింపు అయితే పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. అందుకే ఏ ఇరుసు దగ్గర ఎక్కువ బరువు మారుతుందో ఆ ఇరుసు పట్టు తగ్గుతుంది. ముందువైపు గట్టిపరిస్తే ముక్కు బయటికి జారే అండర్‌స్టీర్ వస్తుంది. వెనక గట్టిపరిస్తే తోక తిరిగే ఓవర్‌స్టీర్ వస్తుంది. సస్పెన్షన్ సర్దుబాటులో సగం విద్య ఈ రెండు వాక్యాల్లోనే ఉంది.

స్ప్రింగు గట్టిదనాన్ని జపాన్ సంస్థలు మిల్లీమీటరుకు ఇన్ని కిలోలని, అమెరికన్లు అంగుళానికి ఇన్ని పౌండ్లని చెబుతారు. మిల్లీమీటరుకు ఒక కిలో అంటే అంగుళానికి సుమారు 56 పౌండ్లు. ఆ అంకెను నేరుగా పోల్చడం మాత్రం పొరపాటు. స్ప్రింగు చక్రం దగ్గర ఉండదు, ఆర్మ్ మధ్యలో ఎక్కడో ఉంటుంది. చక్రం పది మి.మీ. లేస్తే స్ప్రింగు ఏడు మి.మీ. నలుగుతుందనుకుంటే ఆ నిష్పత్తి 0.7. చక్రం దగ్గర తెలిసే గట్టిదనం ఈ నిష్పత్తి వర్గంతో గుణించినప్పుడు వస్తుంది కాబట్టి దాదాపు సగమవుతుంది. స్ప్రింగు గట్టిదనం మి.మీ.కు 40 న్యూటన్లైతే చక్రం దగ్గర 20 న్యూటన్లే. డ్యాంపరే చక్రాన్ని నిలబెట్టే మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కార్లలో ఈ నిష్పత్తి ఒకటికి దగ్గరగా ఉంటుంది. అందుకే ఒక కారు స్ప్రింగు అంకె చూసి ఇంకో కారుకు అదే కొనడంలో అర్థం లేదు.

కార్లను పోల్చడానికి సరైన కొలత ఊగే వేగం, అంటే సహజ పౌనఃపున్యం. ఒక మూలన స్ప్రింగు మీద 200 కిలోల బరువు, చక్రం దగ్గర గట్టిదనం మి.మీ.కు 20 న్యూటన్లు ఉంటే ఆ మూల సెకనుకు సుమారు 1.6 సార్లు ఊగుతుంది. మామూలు కార్లు 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్లు 1.5 నుంచి 2 దాకా, గాలి కిందికి నొక్కే బలం మీద ఆధారపడని రేసు కార్లు 2 నుంచి 2.5 దాకా పోతాయి. పై మూలను 2 హెర్ట్జ్‌కు తేవాలంటే గట్టిదనం 20 నుంచి దాదాపు 32 న్యూటన్లకు పెంచాలి. అప్పుడు కారు తన బరువుకు నలిగే దూరం 98 మి.మీ. నుంచి 62కు తగ్గుతుంది. గతుకుల రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్లు 2 హెర్ట్జ్ దాటితే నడుమే జవాబు చెబుతుంది.

మొదటి రెండు తరాల ఎంఎక్స్-5కు రోడ్డు మీద హాయిగా తిరగడానికి మి.మీ.కు ముందు 6, వెనక 4 కిలోల చుట్టూ ఉండే స్ప్రింగులు సాధారణం. ట్రాక్ మీదే మనసున్నవాళ్లు ముందు 10, వెనక 6 దాకా వెళ్తారు. అమెరికాలో స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా నడిపే స్పెక్ మియాటా రేసుల్లో అందరూ ఒకే స్ప్రింగులు వాడాలి. అవి ముందు అంగుళానికి 700, వెనక 325 పౌండ్లు, అంటే మి.మీ.కు సుమారు 12.5, 5.8 కిలోలు. ఓలీ చెప్పిన దానికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. చక్రం లేచినప్పుడు స్ప్రింగు నలిగే నిష్పత్తి ముందువైపు వెనకకన్నా తక్కువ కావడం దీనికి కొంత కారణం. మిగతా కారణం రేసు అవసరం. మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు లోపలి వెనక చక్రం నేలను వదలకుండా ఉండాలి. వెనకవైపు మెత్తగా ఉంటేనే అది సాధ్యం. నున్నటి ట్రాక్ మీద గతుకు తర్వాతి తూగుడు గురించి ఎవరూ బాధపడరు.

ఎవరూ చూడని రబ్బరు ముక్క

ఆఫ్టర్‌మార్కెట్ సస్పెన్షన్‌లో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఒక చిన్న ముక్క దగ్గర. డ్యాంపర్ కడ్డీ పైభాగంలో ఉండే బంప్ స్టాప్ అది. సస్పెన్షన్ పూర్తిగా నలిగినప్పుడు లోహం లోహాన్ని కొట్టకుండా ఆపే మెత్తటి రబ్బరు లేదా ఫోమ్ దిమ్మ. ఎంఎక్స్-5 చిన్న కారు, దాని డ్యాంపర్లకు నలిగే దూరం ముందే తక్కువ. ఫ్యాక్టరీ ఎత్తులోనే మలుపుల్లో బంప్ స్టాప్ తగులుతూ ఉంటుంది.

ఇప్పుడు ఎవరో పాత డ్యాంపర్లు అలాగే ఉంచి, చవగ్గా దొరికే లోయరింగ్ స్ప్రింగులు వేసి కారును 30 మి.మీ. దించారనుకుందాం. ఉన్న కాస్త దూరమూ ఎత్తు తగ్గడంలోనే ఖర్చైపోతుంది. కారు నిలబడి ఉన్నప్పుడే బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే దభీమని కొట్టడం, మలుపు మధ్యలో గతుకు తగిలితే ఉన్నట్టుండి కారు పక్కకు జరగడం మొదలవుతాయి. బంప్ స్టాప్ తగిలిన క్షణంలో ఆ మూల గట్టిదనం ఎన్నో రెట్లు పెరుగుతుంది మరి. పైన చెప్పిన సూత్రం ప్రకారం ఆ ఇరుసు పట్టు అప్పుడే జారుతుంది. యజమాని మాత్రం స్ప్రింగు మరీ గట్టిదని ఫిర్యాదు చేసి, ఇంకా మెత్తటిది వేయిస్తాడు. మెత్తటి స్ప్రింగు ఇంకా ఎక్కువ నలిగి, బంప్ స్టాప్‌ను ఇంకా గట్టిగా కొడుతుంది.

దించిన కారుకు గట్టి స్ప్రింగు కావాలి. ఆశ్చర్యంగా ఉన్నా, దించిన ఎంఎక్స్-5లో సరైన గట్టి స్ప్రింగు వేశాక ప్రయాణం మెత్తబడినట్టు తోస్తుంది, ఎందుకంటే అది బంప్ స్టాప్ మీద కాకుండా స్ప్రింగు మీద నడవడం మొదలుపెడుతుంది. పొట్టి గొట్టం ఉన్న డ్యాంపర్లు, పొడవు తగ్గించిన, క్రమంగా బిగుసుకునే ఫోమ్ బంప్ స్టాప్‌లు, రెండో తరం కారు నుంచి తెచ్చి మొదటి తరానికి వేసే పై మౌంట్లు, ఇవన్నీ ఆ కొద్ది సెంటీమీటర్లను తిరిగి సంపాదించే ప్రయత్నాలే. కిట్ కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఎంత దిగుతుంది అన్నది కాదు. నేను కోరుకునే ఎత్తులో ఇంకా ఎంత నలిగే దూరం మిగిలి ఉంటుంది అన్నది. ఈ ప్రశ్నకు అంకెతో జవాబు చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకపోవడం మంచిది.

ప్రీలోడ్, అంటే స్ప్రింగును ముందే కొంత నొక్కి బిగించడం, గురించి కూడా ఇక్కడే చెప్పాలి. స్ప్రింగు పళ్లెం పైకి తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని మెకానిక్ షెడ్లలో తరచూ వినిపిస్తుంది. సమానంగా నలిగే స్ప్రింగు ఎంత బిగించినా దాని గట్టిదనం మారదు. కారు ఎత్తు మాత్రం పెరుగుతుంది. కొన్ని కిట్లలో డ్యాంపర్ కింది బ్రాకెట్ కూడా మర మీద తిరుగుతుంది. అలాంటివాటిలో స్ప్రింగును కదపకుండానే ఎత్తు మార్చవచ్చు, నలిగే దూరమూ అలాగే ఉంటుంది.

డ్యాంపర్

షాక్ అబ్జార్బర్ అన్న పేరు సరైనది కాదు. గతుకు దెబ్బను మింగేది స్ప్రింగు. మింగిన తర్వాత అది ఊగుతూ ఉండకుండా ఆపేది ఈ నూనె గొట్టం. పిస్టన్‌లోని సన్నటి రంధ్రాల గుండా, పలుచటి ఉక్కు పలకలను వంచుకుంటూ నూనె అటూ ఇటూ పోతుంది. ఊగే శక్తి వేడిగా మారిపోతుంది. ఆ పలకలు ఎన్ని, ఎంత మందం, ఏ వరసలో పేర్చారు అన్నదే డ్యాంపర్ తయారీలో అసలు రహస్యం.

డ్యాంపర్ బలం వేగాన్ని బట్టి మారుతుంది. ఇక్కడ వేగం అంటే కారు వేగం కాదు, పిస్టన్ వేగం. స్టీరింగ్ తిప్పినప్పుడు, బ్రేకు వేసినప్పుడు కారు శరీరం కదిలే వేగం సెకనుకు కొన్ని సెంటీమీటర్లే. రోడ్డు అతుకు, గుంత తగిలినప్పుడు అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. మంచి డ్యాంపర్ మొదటి పరిధిలో బిగువుగా ఉండి కారును అదుపులో పెడుతుంది, రెండో పరిధిలో కాస్త వదిలేసి చక్రాన్ని గతుకు మీదుగా పోనిస్తుంది. చవక డ్యాంపర్‌లో ఈ రెండూ కలిసిపోతాయి. బిగిస్తే పళ్లు కటకటలాడతాయి, వదిలితే పడవలా తేలుతుంది. ఎన్నో చోట్ల సర్దుకోవచ్చని ఊరించే చవక కిట్లలో చాలా టిక్కులకు బలంలో తేడా ఉండదు, ఉన్నా ఎడమ కుడి డ్యాంపర్లు సరిపోలవు. ముప్పై రెండు టిక్కుల మరకన్నా, తయారీదారు బలం వేగం గ్రాఫు బయటపెట్టిన మామూలు డ్యాంపర్ మేలు.

మార్చే మర ఒక్కటే ఉంటే అది సాధారణంగా రీబౌండ్‌ను, అంటే స్ప్రింగు తిరిగి చాచుకునేటప్పటి బిగువును మారుస్తుంది. కోనీ స్పోర్ట్ ఈ రకం. రెండు మరలున్నవాటిలో కంప్రెషన్, రీబౌండ్ విడివిడిగా మారతాయి. ఇంకా ఖరీదైనవాటిలో కంప్రెషన్‌కే రెండు మరలు, బయట విడిగా నూనె డబ్బా ఉంటాయి. రోడ్డు మీద తిరిగేవాళ్లకు ఒక్క మర చాలు. ఎక్కువ మరలుంటే వాటిని తప్పుగా తిప్పే అవకాశమూ ఎక్కువ. టొయోటా 86 వంటి కార్లలో ముందున్న మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లో డ్యాంపరే చక్రాన్ని నిలబెట్టి ఉంచుతుంది, పక్కకు తోసే బలాన్నీ భరిస్తుంది. అలాంటివాటికి కడ్డీ లావుగా ఉండే, తలకిందులుగా అమర్చిన మోనోట్యూబ్ బాగా పనికొస్తుంది. స్ట్రట్ ఉన్న కారును ఎక్కువ దించితే రోల్ సెంటర్ (కారు ఒరిగే కేంద్ర బిందువు) గురుత్వ కేంద్రంకన్నా ఎక్కువగా కిందికి జారి, దించినా ఇంకా ఎక్కువ ఒరగడం జరుగుతుంది. డబుల్ విష్‌బోన్ కార్లకు ఆ బాధ తక్కువ.

బార్లు, బుష్‌లు

ఎడమ కుడి చక్రాలను కలిపే ఉక్కు కడ్డీ యాంటీ రోల్ బార్. కారు ఒరిగితేనే అది మెలిపడి ఎదురు నిలుస్తుంది. రెండు చక్రాలూ ఒకేసారి గతుకెక్కితే దానికి పనిలేదు. దాని బలం వ్యాసం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది కాబట్టి 20 మి.మీ. బదులు 22 మి.మీ. కడ్డీ వేస్తే బలం సుమారు 46 శాతం పెరుగుతుంది. ముందు, వెనక పట్టు తూకాన్ని మార్చడానికి ఇంతకన్నా చవకైన దారి లేదు. ఆర్మ్‌ల కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల బదులు పాలియురేథేన్ వేస్తే కదలికల్లో కచ్చితత్వం వస్తుంది, కిర్రుమనే చప్పుడూ వస్తుంది. గ్రీజు అందకపోతే బిగుసుకుపోతాయి. పాత కారుకు ముందుగా కొత్త ఫ్యాక్టరీ బుష్‌లు, బాల్ జాయింట్లు వేయడమే సగం మరమ్మతు. ముప్పై ఏళ్ల మియాటా బాగా నడవడం లేదని పేరున్న కాయిలోవర్లు కొనేవాళ్లలో చాలామందికి అసలు కావాల్సింది ఆ రబ్బరే.

చట్టం

జర్మనీలో ఎత్తు మార్చే కిట్‌కు ఆమోద పత్రం ఉండాలి, బిగించాక పరీక్షా సంస్థ దగ్గర చూపించాలి. జపాన్‌లో షాకెన్ తనిఖీకి కారు నేలకు 9 సెం.మీ. కన్నా కిందికి దిగకూడదు. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు శిక్ష చేరింది.

బిగించిన తర్వాత

సర్దుబాటుకు ఒక వరస ఉంది, దాన్ని తలకిందులు చేస్తే చేసిన పనే మళ్లీ చేయాలి. ముందు ఎత్తు, తర్వాత మూల బరువులు, ఆ తర్వాత చక్రాల కోణాలు, చివరగా డ్యాంపర్ మరలు.

వీటన్నిటికన్నా ముందు మెకానిక్‌లు తరచూ మరిచే పని ఒకటుంది. ఫ్యాక్టరీ రబ్బరు బుష్ తిరగదు, మెలిపడుతుంది. కారు జాకీ మీద చక్రాలు వేలాడుతున్నప్పుడు ఆర్మ్ బోల్టులు బిగిస్తే, కారు నేల మీదికి దిగాక బుష్‌లన్నీ శాశ్వతంగా మెలిపడి ఉంటాయి. ఎత్తు తప్పుగా చూపిస్తుంది, రబ్బరు త్వరగా చిరుగుతుంది. బోల్టులు వదులుగా ఉంచి, కారును నేలకు దించి, నాలుగుసార్లు ఊపి, అదే ఎత్తులో బిగించాలి.

ఎత్తును నేల నుంచి కొలిస్తే టైరు సైజు, గాలి తేడాలు లెక్కను పాడుచేస్తాయి. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలవడం నమ్మకం. మియాటాలో వెనకవైపు కొద్దిగా ఎత్తుగా ఉంచడం అలవాటు.

మూల బరువులకు నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు కావాలి. డ్రైవరు సీట్లో డ్రైవరంత బరువు, ట్యాంకులో ఎప్పుడూ ఉండేంత పెట్రోలు, యాంటీ రోల్ బార్ లింకులు ఊడదీసి ఉండాలి. మొత్తం వెయ్యి కిలోలు ఇలా పడ్డాయనుకుందాం: ముందు ఎడమ 270, ముందు కుడి 240, వెనక ఎడమ 240, వెనక కుడి 250. ముందు కుడి, వెనక ఎడమ కలిపితే 480, అంటే 48 శాతం. దీన్ని 50కి దగ్గరగా తేవాలంటే ముందు కుడి లేదా వెనక ఎడమ స్ప్రింగు పళ్లాన్ని కొద్దిగా పైకి తిప్పాలి. కుంటి కుర్చీ కాలు కింద కాగితం మడత పెట్టినట్టే ఇది. ఆ కాలి మీదా, దానికి ఎదురు మూల కాలి మీదా భారం పెరుగుతుంది. ముందూ వెనక, ఎడమ కుడి మొత్తాలు మాత్రం ఎన్ని మరలు తిప్పినా మారవు. బ్యాటరీ, సీటు వంటి బరువును జరిపితేనే అవి మారతాయి. ఈ తూకం తప్పితే కారు ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఇంకోలా ప్రవర్తిస్తుంది. గట్టిగా బ్రేకు వేస్తే బరువు తక్కువున్న ముందు చక్రం ముందుగా ఆగిపోతుంది.

చక్రాల కోణాల్లో క్యాంబర్ ప్రధానం. చక్రం పైభాగం లోపలికి వాలితే నెగటివ్. మలుపులో కారు ఒరిగినప్పుడు బయటి టైరు నిటారుగా నిలబడటానికి ఈ వాలు. రోజువారీ వాడకానికి ఒకటి నుంచి ఒకటిన్నర డిగ్రీ, ట్రాక్‌కు రెండున్నర నుంచి మూడు. టైరు లోపలి అంచు అరిగిపోతోందని క్యాంబర్‌ను నిందిస్తారు గానీ, చాలాసార్లు దోషి టో. చక్రాల ముందు భాగాలు ఒకదానివైపు ఒకటి తిరిగి ఉంటే టో ఇన్, దూరంగా తిరిగి ఉంటే టో అవుట్. టో తప్పితే టైరు ప్రతి కిలోమీటరూ కొద్దిగా పక్కకు ఈడ్చుకుంటూ పోతుంది. ముందు సున్నా, వెనక కొద్దిపాటి టో ఇన్ పెడితే చాలామందికి సరిపోతుంది. ముందు కొద్దిగా టో అవుట్ పెడితే కారు మలుపులోకి చురుగ్గా దూకుతుంది, హైవే మీద మాత్రం అటూ ఇటూ వెతుక్కుంటుంది. వెనక టో అవుట్ జోలికి అనుభవం లేనివాళ్లు పోకూడదు. అలైన్‌మెంట్ చేసేటప్పుడు కూడా డ్రైవరు సీట్లో బరువు ఉండాలి.

ఇక డ్యాంపర్లు. మరలన్నీ పూర్తిగా మెత్తగా తిప్పి, తెలిసిన రోడ్డు ఒకటి పట్టుకుని మొదలుపెట్టాలి. పెద్ద అల దాటాక కారు రెండోసారి తేలుతుంటే రీబౌండ్ రెండు టిక్కులు పెంచాలి. తేలడం ఆగినచోట ఆగిపోవాలి. అంతకుమించి బిగిస్తే చక్రం చాచుకునే లోపే తర్వాతి గతుకు వస్తుంది. వరస గతుకుల మీద కారు కొంచెం కొంచెంగా కిందికి కూరుకుంటూ పోయి, చివరికి బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. దీన్ని గట్టి స్ప్రింగు అనుకుని పొరబడతారు, నిజానికి అది బిగించిన రీబౌండ్. పదునైన అతుకుల మీద టైరు గెంతుతుంటే కంప్రెషన్ తగ్గించాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, చేసినదాన్ని కాగితం మీద రాసుకోవాలి. ట్రాక్ మీద టైరు లోపలి అంచు, మధ్య, బయటి అంచు ఉష్ణోగ్రతలు సూదితో కొలిస్తే క్యాంబర్, గాలి పీడనం సరిగ్గా ఉన్నాయో లేదో టైరే చెబుతుంది. లోపలి అంచు మరీ వేడిగా ఉంటే క్యాంబర్ ఎక్కువైంది. మధ్య భాగం వేడిగా ఉంటే గాలి ఎక్కువైంది.

కొత్త స్ప్రింగులు, బుష్‌లు కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత కొంచెం కూర్చుంటాయి కాబట్టి ఎత్తు, అలైన్‌మెంట్ మరోసారి చూడాలి, బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, కెనడాలో కాయిలోవర్ మరలు రెండు మూడేళ్లకే తుప్పుపట్టి పళ్లెం తిరగకుండా పోతుంది. అక్కడి యజమానులు మరలకు గ్రీజు పట్టించి తొడుగు వేస్తారు. డ్యాంపర్ గొట్టం మీద పలుచటి నూనె పొర కనిపిస్తే కంగారు అక్కర్లేదు. నూనె ధారకట్టి దుమ్ము ముద్దగా అంటుకుంటే మాత్రం సీల్ పోయినట్టే. బిల్‌స్టీన్, ఓలిన్స్ వంటివాటిని విప్పి సీల్, నూనె మార్చి మళ్లీ వాయువు నింపవచ్చు. చవక కిట్లలో ఆ వీలుండదు, మొత్తం పారేయడమే.